పడవ చూపులు

పాత వస్తువు కొనడమనేది పెళ్ళిచూపుల వంటి వ్యవహారం. అమ్మేవారు దాన్ని తోమి, తుడిచి, ముస్తాబు చేసి మన ముందుంచుతారు. మనమేమో ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే మనస్సులో తాంబూలాలు పుచ్చేసుకుని ఉంటాం. తీరా అక్కడికి వెళ్ళాక, వచ్చినందుకు మర్యాదగా ఉంటుందని నాలుగు ప్రశ్నలు అడిగి, నాలుగింటికీ మనకు నచ్చిన జవాబులే విని, వస్తువును ఇంటికి తెచ్చుకుంటాం. ఆ తరువాత అది తన అసలు గుణం చూపించడం ప్రారంభిస్తుంది.

ఈ శీర్షికలో ఇదివరకు పాత ఇళ్ళ గురించీ, పాత కుట్టుమిషన్ల గురించీ ముచ్చటించుకున్నాం. ఈ వారం పాత పడవ గురించి చెబుతాను. నవ్వకండి. మన పాఠకులలో పడవ కొనే ఉద్దేశం గలవారు ఒకరిద్దరికి మించి ఉండరని నాకూ తెలుసు. అయినా పడవ బేరంలో ఒక విశేషం ఉన్నది. ఇంటి బేరంలోనూ, కారు బేరంలోనూ దాగి ఉండే చిక్కులన్నీ ఇక్కడ ఒక్కచోట, ముప్ఫై అడుగుల పొడవున కనిపిస్తాయి. పైగా ఇల్లు చెడితే కురుస్తుంది, కారు చెడితే ఆగుతుంది. పడవ చెడితే మునుగుతుంది.

మేమిప్పుడు అమెరికాలో, మేరీలాండు రాష్ట్రంలోని అన్నాపొలిస్‌లో మా బావమరిది ఇంట్లో ఉంటున్నాం. చెసపీక్ అఖాతపు ఒడ్డున ఉన్న పాత పట్టణమది. అఖాతం ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 200 మైళ్ళు. అందులోకి వచ్చి కలిసే ఏరులూ, పాయలూ లెక్కలేనన్ని. ఈ ఊళ్ళో చాలా వీధులు పోయి పోయి ఏదో ఒక పాయ దగ్గర ఆగుతాయి. పాయ నిండా తెరకొయ్యలు. ఏటా అక్టోబరులో ఇక్కడ పడవల ప్రదర్శన కూడా జరుగుతుంది. ఇటువంటి ఊళ్ళో కాపురముంటూ పడవ మీద మనసు పడకుండా ఉండటం, మిఠాయి కొట్టు మీద మేడలో అద్దెకుండి పథ్యం చెయ్యడం లాంటిది.

ఇంతకీ ఇక్కడ పాత పడవలు ఇన్ని ఎందుకున్నాయి? దానికి చిన్న చరిత్ర ఉన్నది. మా చిన్నతనంలో కోనసీమ కాలువల మీద కొయ్య పడవలు నడిచేవి. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు వాటిని ఒడ్డుకెక్కించి, పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలం పట్టించేవారు. ఆ సేవ నాలుగేళ్ళు మానితే పడవ కుళ్ళి, తన బతుకు తానే ముగించుకునేది. ఫైబర్‌గ్లాసు వచ్చి ఆ ధర్మాన్ని మార్చింది. గాజునారను జిగురుతో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పేర్చి పడవను పోతపోసినట్లు తయారుచేస్తారు. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో పియర్సన్ సంస్థవారు ట్రైటన్ అనే 28 అడుగుల పడవను పెట్టారు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన కార్ల్ ఆల్బెర్గ్ దాని రూపశిల్పి. వెల పదివేల డాలర్ల లోపు. నలుగురు పడుకోవచ్చు, వంట చేసుకోవచ్చు. అప్పటిదాకా ధనవంతుల సొత్తయిన విహారనౌక దాంతో మధ్యతరగతి సంసారాల అందుబాటులోకి వచ్చింది. తరువాతి ఇరవై ఏళ్ళలో ఇలాంటివి వేలకొద్దీ తయారైనాయి. కొత్త పదార్థం కదా, ఎంత మందం చాలునో తెలియక ఆనాటివారు బాగా మందంగానే పోశారు. అంచేత వాటిలో చాలా పడవలు ఈనాటికీ తేలుతూనే ఉన్నాయి.

చావకపోవడమే వాటి గొప్ప. చావకపోవడమే వాటితో వచ్చిన తంటా. వాడలేనివాడికి పడవ మెడకు పడ్డ డోలు. ఏటా రేవు అద్దె కట్టాలి. పారవేద్దామన్నా ముక్కలు చేయించి తీసుకుపోయేందుకు వేల డాలర్లు అడుగుతారు. అందుకని కొందరు ఊరికే ఇస్తాం పట్టుకుపొమ్మంటారు. ఊరికే వచ్చిన పడవంత ఖరీదైనది మరొకటి లేదని ఇక్కడివారే చెబుతారు.

మా బావమరిదికి అరవై ఒకటి. నిరుడు గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఆ విశ్రాంతి రోజుల్లో ఈవ్ జెలినా అనే ఆయన కథ అతని కంటబడింది. క్యూబెక్ వాసి అయిన జెలినా, ఆల్బెర్గ్ రూపకల్పన చేసిన ముప్ఫై అడుగుల పడవలోనే 1981, 1983 సంవత్సరాల మధ్య ఒంటరిగా భూప్రదక్షిణ చేశాడు. దారిలో తెరకొయ్య విరిగినా ప్రయాణం మానలేదు. ఇక చూడండి, మంచం మీదున్న మనిషికి మందు దొరికింది.

"బావగారూ, నేనేమీ భూప్రదక్షిణ చేస్తాననడం లేదు. ఈ అఖాతంలోనే వారం పది రోజులు అలా తిరిగి వస్తే చాలు. పదేళ్ళు ఆగితే తాడు లాగే చెయ్యి నాకుంటుందా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు లేదు. జవాబు చెప్పవలసిన మనిషి, అంటే అతని భార్య, ముందు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టి ఇలా అన్నది: "అన్నయ్యగారూ, ఈయన సరదాకు నేను అడ్డు చెప్పను. ఇరవై అయిదు వేల డాలర్లు. కొనడమూ అందులోనే, బాగుచేయించడమూ అందులోనే. అది దాటితే రిటైరయ్యాక మేము నెలనెలా తినే డబ్బులోంచి తియ్యాలి. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వను."

ఆ అంకెను ఒక కాగితం మీద రాసి, మొగుడి చేత సంతకం పెట్టించి, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. అప్పటికి వాళ్ళు ఒక్క పడవనూ చూడలేదు. నా మటుకు నాకు, ఈ మొత్తం వ్యవహారంలో జరిగిన అన్నిటికన్నా తెలివైన పని అదే. వస్తువును చూశాక వేసుకునే లెక్క లెక్క కాదు. అది కోరికకు రాసిన వకాల్తా.

చూసిన పడవ 1974లో పుట్టినది. ముప్ఫై అడుగులు. అడిగిన వెల 14,000 డాలర్లు. ఫోనులో ఫొటోలు చూస్తే నిగనిగలాడుతూ ఉన్నది. రేవుకు వెళ్ళాం. నాది టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం.

మొదట చూడవలసింది కంటితో కాదు, ముక్కుతో. మూసి ఉన్న గది తలుపు తీయగానే వచ్చే మొదటి గాలి అబద్ధమాడదు. బూజు వాసన వస్తే పైనుంచి నీరు దిగుతున్నదని అర్థం. డీజిల్ వాసన వస్తే ఇంజను దగ్గర కారుతున్నదని అర్థం. సాంబ్రాణి లాంటి పరిమళం గుప్పుమంటే మరీ అనుమానించాలి. ఆ పడవలో కొంచెం బూజు వాసన వచ్చింది.

రెండోది, అమ్మేవారు పాలిష్ చెయ్యని చోట్లు. బల్లలూ తలుపులూ అద్దంలా మెరుస్తాయి; వాటిని చూసి లాభం లేదు. పరుపులెత్తి చూడాలి. నేల పలకలెత్తి అడుగు గుంటలో ఎంత నీరున్నదో, దాని మీద నూనె తేలుతున్నదో చూడాలి. గుంట గోడల మీద పాత నీటి మట్టపు చారలుంటాయి. ఎప్పుడో ఒకప్పుడు ఎంత మునిగిందో అవి చెబుతాయి. కిటికీల కింద కొయ్య నల్లబడిందా? పడవ అడుగు నుంచి సముద్రపు నీటిని లోపలికి తెచ్చే గొట్టాలకు కవాటాలుంటాయి. అవి చేత్తో తిప్పితే తిరగాలి. ఈ పడవలో నాలుగింటిలో రెండు బిగుసుకుపోయినాయి. గొట్టం పగిలిననాడు కవాటం తిరగకపోతే పడవను కాపాడేది దేవుడొక్కడే.

మూడోది, పైతట్టు. రెండు ఫైబర్‌గ్లాసు పొరల మధ్య బాల్సా అనే తేలిక కొయ్య పెట్టి దాన్ని చేస్తారు. ప్రతి మేకుకూ, ప్రతి బోల్టుకూ వేసిన రంధ్రంలో కూరిన జిగురు కొన్నేళ్ళకు ఎండిపోతుంది. దాన్ని తీసి మళ్ళీ కొత్తది పెట్టకపోతే, అక్కడి నుంచి నీరు చుక్క చుక్కగా లోపలి కొయ్యలోకి దిగి, అది అటుకుల ముద్దలా నానిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. పైన పటారం, లోన లొటారం. మడమతో గట్టిగా నొక్కుతూ నడిస్తే మెత్తటి చోట్లు తెలుస్తాయి. తెరకొయ్యను నిలబెట్టే ఉక్కు తీగెల మొదళ్ళ దగ్గర మా బావమరిది కాలికి ఆ మెత్తదనం తగిలింది. అతను నా వంక చూశాడు. నేను టార్చి వంక చూశాను.

ఇంజను విషయంలో ఒక చిన్న కిటుకు ఉన్నది. వెళ్ళగానే దాని మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే, మనం రాకముందే ఎవరో తంటాలు పడి దాన్ని నడిపించారన్నమాట. చల్లటి ఇంజను మన ఎదుట ప్రారంభం కావాలి. పాత పడవల్లో కొన్నిటికి పెట్రోలు ఇంజన్లుంటాయి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది అడుగు గుంటలో చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకని వాటిలో ముందు పంకాతో ఆవిరిని బయటికి తోలాకే తాళం తిప్పాలి. ఈ పడవకు డీజిల్ ఇంజను. చల్లగా ఉన్నది. రెండో ప్రయత్నానికి ప్రారంభమై, వెనుక గొట్టంలోంచి చల్లబరిచే నీటిని బుడుక్ బుడుక్‌మని కక్కడం మొదలుపెట్టింది. పొగ నల్లగా లేదు, నీలంగా లేదు. మా బావమరిది మొహం వెలిగింది.

అమ్మే ఆయనకు ఎనభై దాటినాయి. మాట తక్కువ మనిషి. మేము అడగకుండానే ఒక లావుపాటి డైరీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. 1989లో తను కొన్ననాటి నుంచి పడవకు చేయించిన ప్రతి పనీ అందులో ఉన్నది. నూనె మార్చిన తేదీలు, ఇంజను కొత్తది వేయించిన సంవత్సరం, తెరచాపలు కుట్టించిన ఖర్చు. ఉక్కు తీగెలన్నీ 1998లో మార్పించినట్లు రాసుకున్నాడు. అక్కడక్కడా మరో చేతిరాత కూడా కనిపించింది: ఫలానా రోజున ఫలానా పాయలో లంగరు వేశాం, వాన పడింది, చేపల పులుసు చేశాను అని. ఆ రెండో చేతిరాత 2016లో ఆగిపోయింది. ఆయన చేతిరాత కూడా ఆ తరువాత మూడు నాలుగు పేజీలకు మించి సాగలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. మా చెల్లెమ్మ మాత్రం ఆ పేజీ దగ్గర కొంచెంసేపు ఆగి, డైరీ నెమ్మదిగా మూసింది.

ఎంత ముచ్చటగా ఉన్నా, మనం చదవవలసింది రాసిన పేజీలను మాత్రమే కాదు, రాయని పేజీలను కూడా. ఇన్నేళ్ళుగా ఎవరూ జిగురు మార్చలేదు, కవాటాలు తిప్పలేదు. ఆ తీగెల వయస్సు పాతికేళ్ళు దాటింది; పది పదిహేనేళ్ళకోసారి వాటిని మార్చాలంటారు. ఉక్కు అయితే మాత్రం? ఉప్పు నీరు చేరి, గాలి చొరని సందుల్లో తుప్పుపట్టని ఉక్కు కూడా లోలోపల తినుకుపోతుంది.

ఇంతవరకూ మనం చూడగలిగింది. ఆ పైన నిపుణుడి పని. పడవలను పరీక్షించే సర్వేయర్లు వేరే ఉంటారు. గొలుసు పట్టి పొలం కొలిచేవారు కారు. అడుగుకు ఇరవై నుంచి ముప్ఫై డాలర్ల లెక్కన తీసుకుంటారు. మా బావమరిది బేరగాడు, "మా ఎరికలో ఒకాయన ఉన్నాడు, చవకగా చూసిపెడతాడు" అన్నాడు. మావాడు వినయంగా వద్దన్నాడు. వరుడి తరఫు పురోహితుడి చేత వధువు జాతకం చూపించరు గదా! పరీక్షకుడిని కొనేవాడే వెతుక్కోవాలి, కొనేవాడే డబ్బివ్వాలి. 750 డాలర్లు ఆయనకు, పడవను యంత్రంతో నీటిలోంచి పైకెత్తినందుకు 350. కొనబోయే పడవ నచ్చకపోతే ఈ పదకొండు వందలూ నీళ్ళలో పోసినట్లే గదా అని చాలామంది వెనుకాడతారు. అది ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం.

ఆ సర్వేయరు చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ సుత్తి, తేమను కొలిచే పరికరం ఒకటి. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విన్నట్లు, ఆయన పడవనంతా జానెడు జానెడుగా కొట్టి విన్నాడు. గట్టి చోట టక్ టక్‌మన్నది. నానిన చోట దబ్ దబ్‌మన్నది. టక్‌మన్నంత మేరా పడవ. దబ్‌మన్న చోటల్లా డబ్బు. అడుగు భాగం మీద నీటి పొక్కులు పది పన్నెండు ఉన్నాయి గాని, భయపడవలసినవి కావన్నాడు. శరీరం గట్టిది. పైతట్టులో తీగెల మొదళ్ళ చుట్టూ రెండు వైపులా కొయ్య నానిపోయింది.

ఆ మధ్యాహ్నమే నీటి మీద పరీక్ష. తెరచాపలు ఎత్తారు. ఇంజను ఆపగానే వచ్చే నిశ్శబ్దం గురించి విన్నానుగాని, అంత ఇదిగా ఉంటుందనుకోలేదు. పడవ కొంచెం ఒరిగి, నీటిని కోసుకుంటూ సాగింది. పెద్దాయన చుక్కాని కర్రను ఎవరికో ఒకరికి అందించాలని చూసి, దగ్గరగా ఉన్న మా చెల్లెమ్మకు ఇచ్చాడు. ఆవిడ మొదట భయపడింది. అయిదు నిమిషాలకు చెప్పుల్లోంచి కాళ్ళు తీసి సర్దుకు కూర్చున్నది. అరగంట సేపు ఎవరికీ తిరిగి ఇవ్వలేదు. రేవుకు వచ్చాక, "ఇది ఎడ్లబండి తోలినట్లే ఉందండీ. లాగకూడదు, వదలకూడదు," అన్నది. మా బావమరిది ఆనందానికి మేర లేదు. ఆటంకం తొలగిపోయిందనుకున్నాడు.

నాలుగు రోజులకు సర్వేయరు నివేదిక వచ్చింది. భోజనాల బల్ల దగ్గర అంకెలు వేసుకున్నాం. ఉక్కు తీగెలూ, వాటి పట్టీలూ 6,000. పైతట్టు బాగుకు 5,500. కవాటాలూ గొట్టాలూ 1,500. తెరచాపలు 3,500. మొత్తం 16,500. వెల 14,000 కలిపితే 30,500. ఫ్రిజ్ మీద కాగితం 25,000 అంటున్నది. పోనీ తీగెలు ఒక ఏడాది ఆపవచ్చునా? గాలివానలో అవి తెగితే తెరకొయ్య ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. పైగా ఇంత పాత పడవకు బీమా ఇవ్వాలంటే కంపెనీలు ఇదే నివేదిక అడుగుతాయి.

మా బావమరిది కాగితం వంక చూసి, భార్య వంక చూశాడు. "నీకు కూడా నచ్చింది గదా?" అన్నాడు.

"నచ్చింది. చాలా నచ్చింది. నాకు నచ్చినందువల్ల ఆ తీగెలు కొత్తవి అవుతాయా?" అన్నది.

8,500 ఇస్తామని కబురు చేశారు. అంతకు మించి ఒక్క డాలరు వేసినా లెక్క కుదరదు. బేరగాడు వెంటనే ఫోను చేసి, శనివారం మరొకరెవరో చూడటానికి వస్తున్నారనీ, తొందరపడమనీ హెచ్చరించాడు. ఏ దేశంలోనైనా శనివారం నాడు మరొకరు వస్తూనే ఉంటారు. పెద్దాయన మాత్రం తనే స్వయంగా ఫోను చేశాడు. నివేదిక చదివాడట. మీ లెక్క తప్పనను, కాని ఆ ధరకు నేను ఇవ్వలేను అన్నాడు. ఆయన పడవకు వెల కట్టింది కొయ్యనూ, ఉక్కునూ చూసి కాదు. ఆయన తప్పు లేదు. ఆ రెండో చేతిరాతకు విలువ ఎంతో ఆయనకు తెలుసు. కాని దాన్ని మనం డబ్బిచ్చి కొనలేం, బాగుచేయించనూలేం. "పరీక్షలో తృప్తి కలిగితేనే కొంటాము" అని ఒప్పందంలో ముందే రాయించుకున్నారు కనుక బయానా 1,400 డాలర్లూ తిరిగి వచ్చినాయి. పోయింది పదకొండు వందలు.

ఆ వారమంతా మా బావమరిది ముభావంగా ఉన్నాడు. నేను ఓదార్చబోలేదు. అరవై ఒకటో ఏట, రెండు స్టెంట్లతో, చేతికందిన కోరికను వదులుకోవడం తేలిక కాదు. వద్దనగలిగిన శక్తి ఉన్నవాడే బేరం చెయ్యగలడని నలుగురికీ చెప్పడం సులభమే. వద్దన్న రాత్రి నిద్ర పట్టదని కూడా చెప్పాలి. అయితే ఒక్క సంగతి గమనించండి. ఆ పదకొండు వందలకు అతను కొన్నది ఒక చదువు. ఏ పడవ ఎక్కినా ఏ పలక ఎత్తాలో, ఎక్కడ మడమ నొక్కాలో ఇప్పుడతనికి తెలుసు. ఇరవై అయిదు వేలు కూడా అలాగే ఉన్నాయి, కాగితమూ ఫ్రిజ్ మీద అలాగే ఉన్నది.

పాత ఇల్లు కొనేవారైనా, పాత కారు కొనేవారైనా ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. అంకె ముందు, చూపులు తరువాత. మెరిసే చోటు కాదు, మెరవని చోటు చూడాలి. అమ్మేవారు మంచివారైనంత మాత్రాన వస్తువు మంచిదైపోదు; వస్తువు వెల అమ్మేవారు చెబుతారు, దాని ఖర్చు వస్తువే చెబుతుంది.

వచ్చే ఆదివారం ఇంకో పాయలో 27 అడుగుల పడవ ఒకటి ఉన్నదట, చూసి వద్దామన్నారు. వెతికి పట్టుకున్నది మా బావమరిది కాదు, మా చెల్లెమ్మ. నిన్న బజారు నుంచి వస్తూ ఆవిడ సంచీలో కూరగాయలతోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ సుత్తి కూడా తెచ్చింది. నా టార్చిలైటు ఉద్యోగం పదిలంగానే ఉన్నది.